అమెరికా చదువుల్లో మీ రికార్డు ఎవరు చూడొచ్చు, ఎలా అడగాలి: ఫెర్పా మార్గదర్శి

ఇల్లు తాకట్టు పెట్టి కొడుకుని మాస్టర్స్‌కి పంపిన తండ్రి గుంటూరు నుంచి యూనివర్సిటీకి ఫోన్ చేసి "మావాడు ఈ సెమిస్టర్ పాసయ్యాడా?" అని అడిగితే, చెప్పడానికి వీల్లేదంటారు. ఫీజు ఎవరు కట్టారన్నది లెక్కలోకి రాదు. అదే డాలస్‌లో ఐదో తరగతి చదివే పాప తల్లి పబ్లిక్ (ప్రభుత్వ) స్కూలుకి వెళ్లి ఫైలు చూపించమంటే, స్కూలు చూపించి తీరాలి. రెండింటికీ మూలం ఒకే చట్టం: ఫ్యామిలీ ఎడ్యుకేషనల్ రైట్స్ అండ్ ప్రైవసీ యాక్ట్. వాడుకలో ఫెర్పా. 1974లో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకంతో వచ్చింది. న్యూయార్క్ సెనేటర్ జేమ్స్ బక్లీ తెచ్చిన ప్రతిపాదన కాబట్టి పాత కాగితాల్లో బక్లీ సవరణ అని కూడా కనిపిస్తుంది.

ఈ చట్టంలో రెండు భాగాలున్నాయి. విద్యార్థి వివరాలు బయటివాళ్లకి ఇవ్వకూడదన్నది ఒకటి. అది మనవాళ్లందరికీ తెలుసు, ఎందుకంటే ఫోన్ చేసిన ప్రతిసారీ అదే అడ్డం పడుతుంది. మీ రికార్డు మీకు చూపించాలన్నది రెండోది. నేను చూసినంతలో దీన్ని వాడుకునేవాళ్లు చాలా తక్కువ. ఈ మార్గదర్శి ఎక్కువగా ఆ రెండో భాగం కోసమే.

## 1. ముందు హక్కు ఎవరిదో తేల్చుకోండి

పిల్లలకి 18 ఏళ్లు నిండేదాకా, స్కూల్లో ఉన్నంతకాలం, హక్కు తల్లిదండ్రులది. ఇద్దరిదీ. విడాకులు తీసుకుని పిల్లలు ఒకరి దగ్గరే ఉంటున్నా, కోర్టు ఉత్తర్వు ప్రత్యేకంగా కాదంటే తప్ప రెండోవాళ్ల హక్కు పోదు. వీసాతో, పౌరసత్వంతో దీనికి సంబంధం లేదు. హెచ్-4 (ఉద్యోగ వీసా మీదున్నవాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న తల్లికీ అక్కడే పుట్టి పెరిగిన తల్లికీ ఒకటే హక్కు.

18 నిండిన రోజున హక్కు విద్యార్థికి మారిపోతుంది. కాలేజీలో చేరితే వయసుతో పని లేదు, చేరిన రోజే మారుతుంది. హైస్కూల్లో ఉండగానే కమ్యూనిటీ కాలేజీ క్లాసులు తీసుకునే పిల్లల విషయంలో ఇక్కడే తికమక వస్తుంది. పదహారేళ్ల పిల్ల అయినా కాలేజీ దగ్గరున్న రికార్డు మీద హక్కు ఆ పిల్లదే, హైస్కూలు దగ్గరున్న రికార్డు మీద మీది. కాలేజీ గ్రేడ్లు హైస్కూలుకి పంపితే అక్కడ మీరు చూడొచ్చు. అంటే కాలేజీ చుట్టూ తిరిగే బదులు హైస్కూలు కౌన్సెలర్‌ని అడగడమే దగ్గరి దారి.

"పిల్లాడు మా మీదే ఆధారపడి ఉన్నాడు కదా" అనే వాదనకి చట్టంలో చోటుంది, కానీ అది అమెరికా ఇన్‌కమ్ టాక్స్ లెక్కలో ఉంది. పన్ను రిటర్న్‌లో పిల్లల్ని డిపెండెంట్‌గా చూపిన తల్లిదండ్రులకి, విద్యార్థి అనుమతి లేకుండానే కాలేజీ వివరాలు ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు అంతే, ఇచ్చి తీరాలని లేదు. ఆ దారిలో వెళ్లేవాళ్లు రిటర్న్ కాపీ దగ్గర పెట్టుకోవాలి. అమెరికాలో పన్ను దాఖలు చేయని ఇండియాలోని తల్లిదండ్రులకి ఈ దారి లేనట్టే.

రెండు సందర్భాల్లో ఫెర్పా అసలు వర్తించదు. అమెరికా విద్యాశాఖ నుంచి నిధులు తీసుకోని స్కూళ్లకి ఈ చట్టం పట్టదు. ప్రైవేటు స్కూళ్లలో ఎక్కువ భాగం ఇలాంటివే, కాబట్టి అక్కడ అడ్మిషన్ అప్పుడు మీరు సంతకం పెట్టిన ఒప్పందమే ఆధారం. యూనివర్సిటీలు మాత్రం దాదాపు అన్నీ దీని కిందికి వస్తాయి. ఇక రెండోది, అడ్మిషన్ రాని యూనివర్సిటీ. అక్కడ మీరు విద్యార్థే కాదు కాబట్టి ఎందుకు తిరస్కరించారో చూపమని ఈ చట్టం కింద అడగలేరు.

## 2. ఏది రికార్డు, ఏది కాదు

నేరుగా ఆ విద్యార్థికి సంబంధించినదై, సంస్థ దగ్గర ఉంచుకున్నదైతే అది రికార్డే. మార్కులు, హాజరు, క్రమశిక్షణ కాగితాలు, ఫీజు ఖాతా, అడ్వైజర్ ఫైల్లోని నోట్సు, కాపీ కొట్టారన్న ఆరోపణ మీద నడిచిన విచారణ కాగితాలు, అన్నీ ఇందులోకి వస్తాయి. కాగితమా, కంప్యూటరా, వీడియోనా అన్న తేడా లేదు. స్కూల్ బస్సులో జరిగిన కొట్లాట వీడియోని స్కూలు విచారణ కోసం దాచిపెట్టుకుంటే, అందులో ఉన్న మీ పిల్లాడికి అది రికార్డే. వేరే పిల్లలు కూడా ఉన్నారన్న ఒక్క కారణంతో చూపనంటే సరిపోదు. వాళ్లని వీలైనంత మరుగుపరిచి చూపాలి, అలా చేస్తే వీడియోకి అర్థమే లేకుండా పోయేటప్పుడు ఉన్నదున్నట్టు చూపొచ్చు.

టీఏ (టీచింగ్ అసిస్టెంట్), ఆర్ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) ఉద్యోగాల సంగతి చాలామందికి తెలియదు. మామూలు ఉద్యోగి ఫైలు ఫెర్పా కిందికి రాదు. కానీ విద్యార్థి కాబట్టే ఇచ్చిన ఉద్యోగమైతే ఆ ఫైలూ విద్యా రికార్డే. మీ పనిమీద ప్రొఫెసర్ డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చిన మదింపు చూడాలంటే అడగొచ్చు.

కానివి కొన్నున్నాయి. టీచర్ తన జ్ఞాపకం కోసం రాసుకుని ఎవరికీ చూపని నోట్సు రికార్డు కాదు. క్యాంపస్ పోలీసులు తమ పని కోసం ఉంచుకున్నవీ కావు. చదువు అయిపోయాక పూర్వ విద్యార్థిగా మీ గురించి సేకరించినవీ కావు. క్యాంపస్ హెల్త్ సెంటర్‌లో చికిత్స కాగితాలకి వేరే పద్ధతి ఉంది, వాటిని మీరు ఎంచుకున్న డాక్టర్ ద్వారా చూపించుకోవచ్చు. క్లాసులో పిల్లలు ఒకరి పేపరు ఒకరు దిద్దుకోవడం ఈ చట్టానికి విరుద్ధం కాదని సుప్రీంకోర్టు 2002లో ఒవాసో కేసులో తేల్చింది.

పేచీ ఎక్కువగా వచ్చేది ఈమెయిళ్ల దగ్గర. టీచర్లు మీ పిల్లాడి గురించి ఒకరికొకరు రాసుకున్న ప్రతి మెయిలూ రికార్డా? కాలిఫోర్నియాలో ఒక ఫెడరల్ కోర్టు 2009లో, ప్రింటు తీసి ఫైల్లో పెట్టినవే రికార్డు అన్నది. అందుకే "మెయిళ్లన్నీ ఇవ్వండి" అని మొదలుపెట్టడం నా లెక్కలో తెలివైన పని కాదు. ఆ ఒక్క మాట పట్టుకుని మొత్తం అభ్యర్థనని నెలలు నాన్చే వీలు వాళ్లకి దొరుకుతుంది.

## 3. ఉత్తరం రాయండి, ఫోన్ వద్దు

నోటిమాటకి ఆధారం ఉండదు, గడువు ఎప్పుడు మొదలైందో చెప్పలేరు. యూనివర్సిటీ అయితే రిజిస్ట్రార్ ఆఫీసుకి, స్కూలైతే ప్రిన్సిపల్‌కి, కాపీ స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకి పంపండి. ప్రొఫెసర్‌ని నేరుగా అడిగితే ఆయన దాన్ని తన మీద ఫిర్యాదు అనుకునే ప్రమాదం ఉంది. రిజిస్ట్రార్‌కి ఇది రోజూ ఉండే పనే. ఏటా విద్యార్థులకి ఇవ్వాల్సిన ఫెర్పా నోటీసులో ఎవరికి రాయాలో ఉంటుంది, యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో రిజిస్ట్రార్ పేజీలో వెతకండి.

ఉత్తరం ఇంగ్లీషులోనే రాయాలి. సారాంశం ఇలా ఉంటే చాలు:

"నా పేరు ఫలానా, స్టూడెంట్ ఐడీ ఫలానా. ఫెర్పా, 34 సీఎఫ్ఆర్ 99.10 ప్రకారం నాకు సంబంధించిన ఈ రికార్డులు పరిశీలించే అవకాశం కోరుతున్నాను. ఒకటి, 2024 ఆగస్టు నుంచి ఈరోజు వరకు డిపార్ట్‌మెంట్ దగ్గరున్న నా అకడమిక్ ఫైలు. రెండు, అకడమిక్ ఇంటెగ్రిటీ ఆఫీసులో నా పేరు మీద ఉన్న కేసు కాగితాలు. మూడు, నా రికార్డులు ఎవరెవరికి ఇచ్చారో చూపే నమోదు. నేను క్యాంపస్‌కి రాలేనంత దూరంలో ఉన్నాను కాబట్టి కాపీలు పంపగలరు. ఈ అభ్యర్థన అందిన తేదీ తెలియజేయగలరు."

34 సీఎఫ్ఆర్ 99.10 అంటే ఫెర్పా నిబంధనల్లో రికార్డు చూసే హక్కు గురించిన సెక్షన్. ఎందుకు కావాలో రాయలేదు చూడండి. చూడటానికి కారణం చెప్పాల్సిన పనిలేదు. కారణం రాస్తే వాదన మొదలవుతుంది. ఏ ఆఫీసు, ఏ కాలం, ఏ కాగితాలు అన్నది మాత్రం ఎంత నిర్దిష్టంగా రాస్తే అంత మంచిది. చివర్లో అడిగిన తేదీ చాలా ముఖ్యం, గడువు అక్కడినుంచే లెక్క.

ఆ మూడో అంశం, ఇచ్చినవాళ్ల నమోదు, చాలామంది అడగడం మర్చిపోతారు. బయటివాళ్లు ఎవరు అడిగారు, ఎందుకు ఇచ్చారు అన్నది సంస్థ రాసి ఉంచాలి. సంస్థలోని సిబ్బంది చూసినవి, మీ అనుమతితో ఇచ్చినవి అందులో ఉండవు.

## 4. నలభై అయిదు రోజులు

అభ్యర్థన అందిన 45 రోజుల్లోపు చూపించాలి. అది గరిష్ఠ గడువు, లక్ష్యం కాదు. కొన్ని రాష్ట్రాల్లో ఇంకా తక్కువ. కాలిఫోర్నియా పబ్లిక్ స్కూళ్లలో తల్లిదండ్రులకి 5 పనిరోజుల్లో చూపాలి. మీ రాష్ట్ర చట్టం ఒకసారి చూసుకోండి, ఎందుకంటే ఫెర్పా కనీస హద్దు మాత్రమే పెడుతుంది. మీరు అడిగాక, చూపించేలోపు ఆ కాగితాలు ధ్వంసం చేయకూడదు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల తల్లిదండ్రులు దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి. ఐఈపీ (ఇలాంటి పిల్లలకి స్కూలు విడిగా రాసే చదువు ప్రణాళిక) ఉన్న పిల్లలకి ఐడియా అనే మరో ఫెడరల్ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం ఐఈపీ మీటింగ్‌కి ముందే రికార్డులు చూపించాలి, 45 రోజులు దాటకూడదు కూడా. ఆటిజం పరీక్షల రిపోర్టు మీటింగ్ టేబుల్ మీద మొదటిసారి చూస్తూ, ఎదురుగా ఏడెనిమిది మంది కూర్చుని ఉండగా పేజీలు తిప్పడం ఎంత టెన్షన్‌గా ఉంటుందో పడినవాళ్లకే తెలుసు. మీటింగ్ తేదీ ఖాయం కాగానే అదేరోజు ఉత్తరం పెట్టండి. మీ తరఫున మరొకరిని పంపి చూపించుకునే హక్కు కూడా ఉంది. అర్థంకాని స్కోర్లుంటే వివరించమని అడగండి, వివరించడం వాళ్ల బాధ్యత.

చూపడం వేరు, కాపీ ఇవ్వడం వేరు. వెళ్లి చూసేంత దగ్గర్లో ఉంటే కాపీ ఇచ్చి తీరాలని ఫెర్పా అనదు. దూరం వల్ల చూసే హక్కే లేకుండా పోతుంటే, ఉదాహరణకి చదువయ్యాక హైదరాబాద్ వచ్చేసిన విద్యార్థికి, కాపీ ఇవ్వాలి లేదా వేరే ఏర్పాటు చేయాలి. కాపీకి ఫీజు తీసుకోవచ్చు, వెతికి తీసినందుకు తీసుకోకూడదు.

ఫీజు బాకీ ఉందని ట్రాన్‌స్క్రిప్ట్ ఆపేస్తే? అధికారిక ట్రాన్‌స్క్రిప్ట్ ఇవ్వమని ఫెర్పా బలవంతపెట్టదు. కానీ బాకీ పేరుతో రికార్డు చూడనివ్వకపోవడం కుదరదు. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి రాష్ట్రాలు బాకీ కోసం ట్రాన్‌స్క్రిప్ట్ ఆపడాన్నే నిషేధించాయి. అక్కడ చదివినవాళ్లు రాష్ట్ర చట్టం పేరు చెప్పి అడగాలి.

## 5. తప్పుంటే దిద్దించుకోవడం

ముందే చెప్పాలి: బీ వచ్చింది, ఏ రావాలి అన్న వాదన ఇక్కడ నడవదు. అది గ్రేడ్ అప్పీల్, దానికి యూనివర్సిటీలో వేరే దారి ఉంటుంది. ప్రొఫెసర్ ఏ ఇస్తే సిస్టమ్‌లో బీ ఎక్కింది, అది మాత్రం ఇక్కడి పనే.

మనవాళ్లకి ఎక్కువ పనిపడేది పేర్లతో. మన ఇంటిపేరు ముందుంటుంది, వాళ్ల ఫారంలో చివరికి వెళ్తుంది. అడ్మిషన్ ఆఫీసులో ఎవరో అటూఇటూ చేస్తే ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఒకటి, ఐ-20లో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) ఒకటి వస్తుంది. పుట్టిన తేదీదీ అదే గొడవ. మనం జూన్ 4ని 04/06 అని రాస్తాం, అమెరికాలో దాన్ని ఏప్రిల్ 6 అని చదువుతారు. రిజిస్ట్రార్ దగ్గర మామూలు ఫారం, పాస్‌పోర్ట్ కాపీతో చాలావరకు తేలిపోతుంది. చదువుతుండగానే తేల్చుకోండి, ఓపీటీ (చదువయ్యాక పనిచేసేందుకు అనుమతి) దరఖాస్తు అప్పుడు పెట్టుకోకండి.

ఆ మామూలు దారిలో కాకపోతే ఫెర్పా కింద రాతపూర్వకంగా సవరణ కోరండి: ఏ పేజీలో ఏ తప్పుంది, ఏది సరైనది, ఆధారం ఏమిటి. కుదరదంటే విచారణ కోరే హక్కు ఉందని వాళ్లే మీకు చెప్పాలి. ఆ వ్యవహారంతో నేరుగా సంబంధం లేనివాళ్లు విచారణ జరపాలి. మీ ఖర్చుతో లాయర్‌ని తెచ్చుకోవచ్చు. అక్కడా ఓడిపోతే, మీ అభ్యంతరం రాసి ఆ రికార్డుకి జతచేయించవచ్చు. ఆ పేజీ ఎవరికి వెళ్లినా మీ కాగితం కూడా వెంట వెళ్లాలి.

## 6. ఇంట్లోవాళ్లకి తాళంచెవి ఇవ్వడం, బయటివాళ్లకి తలుపు వేయడం

కాలేజీ పిల్లల తల్లిదండ్రులకి సరైన దారి రిలీజ్ ఫారం. విద్యార్థి సంతకం, తేదీ, ఏ రికార్డులు, ఎందుకు, ఎవరికి అన్నవి అందులో ఉండాలి. చాలా యూనివర్సిటీల్లో ఇది స్టూడెంట్ పోర్టల్‌లోనే ఉంటుంది. అమ్మానాన్నలకి విడి లాగిన్ ఇస్తారు, ఫీజు ఖాతా ఒక్కటే చూపాలా, గ్రేడ్లు కూడానా అన్నది విద్యార్థే ఎంచుకుంటాడు. క్యాంపస్‌కి వెళ్లిన మొదటి వారంలోనే ఇది మాట్లాడుకుని నింపేయడం మంచిది. ఇబ్బంది వచ్చాక అడిగితే పిల్లలకి అది అనుమానంలా వినిపిస్తుంది.

పాస్‌వర్డ్ ఇచ్చేయడం మాత్రం వద్దు. సాయం చేస్తున్నాననుకుని తండ్రి ఇంట్లో కూర్చుని ఒక కోర్సు డ్రాప్ నొక్కేస్తే, ఫుల్‌టైమ్ క్రెడిట్లు తగ్గి ఎఫ్-1 (విద్యార్థి వీసా) స్టేటస్‌కే ఎసరు వస్తుంది.

పిల్లాడు నాలుగు రోజులుగా ఫోన్ ఎత్తకపోతే? గ్రేడ్ల గురించి కాదు, క్షేమం గురించి అడగండి. డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసుకి గానీ క్యాంపస్ పోలీసులకి గానీ ఫోన్ చేసి వెల్ఫేర్ చెక్ కావాలనండి. మీరు చెప్పేది వినడానికి ఫెర్పా అడ్డు రాదు, ఇంటికి ఫోన్ చేయమని కబురు చేరవేయడానికీ రాదు. ఆరోగ్యానికో ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు విద్యార్థి అనుమతి లేకుండానే తల్లిదండ్రులకి చెప్పే వీలు చట్టంలోనే ఉంది. ఎమర్జెన్సీ కాంటాక్టులో ఇండియా నంబరు, దేశం కోడ్‌తో సహా, ఉందో లేదో ఈరోజే చూడమనండి.

బయటివాళ్ల సంగతికి వస్తే, డైరెక్టరీ సమాచారం అని ఒకటుంది. పేరు, అడ్రస్, ఫోన్, ఈమెయిల్, చదివే కోర్సు, డిగ్రీ లాంటివి. వద్దని ముందుగా చెప్పకపోతే వీటిని అనుమతి లేకుండా ఎవరికైనా ఇవ్వొచ్చు. అన్నీ ఆపేయాలని తొందరపడకండి. పూర్తిగా మూసేస్తే ఉద్యోగం ఇచ్చే కంపెనీ డిగ్రీ నిర్ధారణ కోసం అడిగినప్పుడు "అలాంటి సమాచారం ఏమీ ఇవ్వలేం" అని జవాబు వెళ్లొచ్చు. చదువు అయిపోయినా ఆ తాళం అలాగే ఉంటుంది, మీరే తీయించాలి. కొన్నిచోట్ల ఫోన్, అడ్రస్ వరకే ఆపే వీలుంటుంది. ఉంటే అది వాడుకోండి. హైస్కూల్లో మిలిటరీ రిక్రూటర్లకి పేరు, అడ్రస్, ఫోన్ వెళ్లకుండా ఉండాలన్నా విడిగా రాసివ్వాలి.

## 7. ఎఫ్-1 విద్యార్థులకి రెండు మాటలు

తాళం వేశాను కాబట్టి ప్రభుత్వానికీ తెలియదు అనుకోకండి. సెవిస్‌కి (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్) స్కూలు పంపాల్సినవి పంపే తీరుతుంది. ఐ-20 మీద మీరు పెట్టే సంతకంతోనే, స్టేటస్ తేల్చడానికి కావాల్సిన సమాచారం ఇవ్వడానికి స్కూలుకి అనుమతి ఇచ్చేస్తున్నారు. ఆ సంతకం పైనున్న సన్నటి అక్షరాలు చదవండి, అక్కడే రాసి ఉంటుంది.

దరఖాస్తులో ఎల్ఓఆర్ (ప్రొఫెసర్లు రాసే సిఫార్సు ఉత్తరం) పేజీలో వచ్చే టిక్ పెట్టె కూడా ఫెర్పాదే. ఉత్తరం చూసే హక్కు వదులుకుంటున్నాను అని టిక్ పెడితే, చేరాక కూడా దాన్ని చూడలేరు. వదులుకోకపోతే, చేరిన యూనివర్సిటీలో ఆ ఉత్తరం ఇంకా ఉంటే చూడొచ్చు. వదులుకోవాలని బలవంతం చేయకూడదు గానీ, వదులుకోవడమే మంచిదని నా ఉద్దేశం. చాటుగా రాసిన ఉత్తరాన్నే కమిటీలు నమ్ముతాయి. (మన దగ్గర ఆ ఉత్తరం డ్రాఫ్టు విద్యార్థే రాసుకుని, ఆపైన "నేను చూడను" అని టిక్ పెట్టే వింత వేరే సంగతి.)

చేరిన చోట అడ్మిషన్ ఫైలు కూడా రికార్డే. 2015లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు ఈ దారిలో తమ ఫైళ్లు, అడ్మిషన్ ఆఫీసర్ల వ్యాఖ్యలతో సహా, అడిగి చూశారు. ఆ గాలి తగిలాక కొన్ని యూనివర్సిటీలు ఆ వ్యాఖ్యలు ఫైల్లో ఉంచుకోవడమే మానేశాయి. లేని కాగితం చూపమని అడగలేం, కాబట్టి ఆసక్తి ఉంటే చేరిన కొత్తలోనే అడగాలి.

## 8. ఇవ్వకపోతే

45 రోజులు దాటిన మర్నాడు, మొదటి ఉత్తరం కాపీ జతచేసి, రిజిస్ట్రార్‌కే మళ్లీ రాసి, ఈసారి యూనివర్సిటీ లీగల్ ఆఫీసుకి కాపీ పెట్టండి. చాలా వ్యవహారాలు ఈ రెండో ఉత్తరంతోనే కదులుతాయి.

కదలకపోతే అమెరికా విద్యాశాఖలోని స్టూడెంట్ ప్రైవసీ పాలసీ ఆఫీసుకి ఫిర్యాదు. హక్కు ఎవరిదో వాళ్లే చేయాలి: స్కూలు పిల్లలకి తల్లిదండ్రులు, కాలేజీలో విద్యార్థి. తప్పు జరిగిన రోజు నుంచి, లేదా జరిగిందని మీకు తెలిసిన రోజు నుంచి 180 రోజుల్లోపు అందాలి. ఏం అడిగారు, ఏ తేదీన, ఏం జవాబు వచ్చింది అన్నది తేదీల వరసలో ఒక పేజీలో రాసి, ఉత్తరాలు జతచేయండి. ఫెర్పా ఉల్లంఘించారని నేరుగా కోర్టులో దావా వేసే దారి లేదు. గొంజాగా యూనివర్సిటీ కేసులో 2002లో సుప్రీంకోర్టు ఆ తలుపు మూసేసింది. చట్టంలో పెద్ద శిక్ష ఫెడరల్ నిధులు ఆపడం, కానీ ఆచరణలో ఇలా దిద్దుకోండి అని సంస్థకి రాయడంతోనే వ్యవహారం ముగుస్తుంది. పరిహారం రాదు. ఐఈపీ వివాదమైతే మాత్రం ఫెర్పా ఫిర్యాదు ఒక్కటే పట్టుకుని కూర్చోకండి. ఐడియా చట్టం కింద రాష్ట్ర విద్యాశాఖకి ఫిర్యాదు చేసే వీలు విడిగా ఉంది, ఆ దారిలో గడువు కూడా వేరు, కాబట్టి రెండూ ఒకేసారి మొదలుపెట్టండి.